పేరు లేని సీసాలో తుపాకీ మందు ముట్టుకోవద్దు నాయనా

నాయనా,

నువ్వు డాలస్‌లో గ్యారేజీలో బల్ల వేసుకుని, తూటాలు నింపే ప్రెస్ బిగించుకుని, నీ ఏఆర్ రైఫిల్‌కి తూటాలు నువ్వే నింపుకోబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె చెప్పింది సగమే అర్థమైంది, మిగతాది నువ్వు పంపిన ఫోటోలు చూశాక తెలిసింది. మొదట చాలా సంతోషం వేసింది. ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, నేను చేసిన పని మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నా. నువ్వు కాలిపర్ పట్టుకుని కేసు (మందు పోసే ఇత్తడి గొట్టం) పొడవు చూస్తున్న ఫోటో మీ చిన్నమ్మకి చూపించి, చూడు, చేయి ఎంత కుదురుగా ఉందో అన్నాను.

తర్వాత రెండో ఫోటో పెద్దది చేసి చూశా. బల్ల చివర ఒక ప్లాస్టిక్ సీసా. కంపెనీ లేబుల్ లేదు, మార్కర్‌తో ‘ఏఆర్‌కి’ అని మాత్రం రాసి ఉంది. ఇల్లు ఖాళీ చేస్తున్న కొలీగ్ ఇచ్చాడు, సగం పైన ఉంది, ఫ్రీగా వచ్చింది అని కింద నువ్వే రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పొద్దున ఫోన్ చేద్దామనుకున్నా, కానీ ఫోన్‌లో నువ్వు ‘సరే చిన్నాయనా, సరే’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ఆ సీసాలో మందు వాడొద్దు. కొంచెం కూడా వద్దు, టెస్టు కోసం ఒక్క రౌండ్ కూడా వద్దు. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు, అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, కానీ ఆ సీసాలో అంతకుముందు ఏముందో, రెండు డబ్బాల అడుగు మిగిలింది ఒకదాంట్లో పోశాడో ఎవరికి తెలుసు? మందుని కంటితో చూసి పోల్చలేం. పిస్టల్ మందు కూడా బూడిద రంగే, రైఫిల్ మందు కూడా బూడిద రంగే. పిస్టల్‌కి వాడే వేగమైన మందు రైఫిల్ కేసులో రైఫిల్ కొలతకి పోస్తే నీ ముఖానికి జానెడు దూరంలో రిసీవర్, అంటే రైఫిల్ మధ్య భాగం, పగులుతుంది. మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఫోన్ చేసి, పేరు తెలియని స్మోక్‌లెస్ పౌడర్ (పొగ రాని తుపాకీ మందు) ఉంది, ఏం చేయాలి అని అడుగు. చెత్తబుట్టలో వేయకు, సింకులో పోయకు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే నీకు మీ పెద్దతాత సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఆయన నాకు పెదనాయన. ఎడమ చేయి ఎప్పుడూ కండువా కింద పెట్టుకునేవాడని నీకు లీలగా గుర్తుండొచ్చు, పొలంలో దెబ్బ తగిలిందని పిల్లలకి చెప్పేవాళ్లం. పలమనేరు దగ్గర మన పాత చేను అడవి అంచునే ఉండేది. వేరుశనగ ఊడలు దిగే సమయానికి రాత్రిపూట అడవిపందులు వచ్చి తెల్లారేసరికి సాళ్లు సాళ్లు దున్నేసి పోయేవి. పంట కాపలాకని ఆయనకి లైసెన్సు ఉన్న నాటు తుపాకీ ఒకటుండేది, మూతి నుంచి మందు పోసి కూరేది. మందు కొలవడానికి వెదురు గొట్టం ముక్క, దాన్ని తాడుతో తుపాకీకే కట్టి ఉంచేవాడు. ఆ కొలత ఆయన తండ్రి కోసి ఇచ్చింది. పాతకాలపు నల్ల తుపాకీ మందుకి అది సరైన కొలతే.

ఒక ఏడాది ఎవరో తెలిసినవాడు హార్లిక్స్ సీసాలో కొంచెం మందు తెచ్చిచ్చాడు. మిలిటరీ మందు, పొగ రాదు, దెబ్బ గట్టిగా ఉంటుంది అన్నాడు. పెదనాయన మూత తీసి వాసన చూశాడు, వేళ్ల మధ్య నలిపాడు, బాగుందన్నాడు. నేను పక్కనే కూర్చుని సీసా పట్టుకున్నా, చిన్నపిల్లవాణ్ణి. అదే వెదురు కొలత నిండా పోశాడు. ఆ రాత్రి మంచె మీద నుంచి ఒక్కసారే పేల్చాడు. ఇంటికి వినిపించిన చప్పుడు ఎప్పుడూ వినే చప్పుడు కాదు. గొట్టం మందు పెట్టే చోట నిలువునా చీలి, ఎడమ చేతి బొటనవేలు, పక్క రెండు వేళ్లు పోయాయి. ఎడ్లబండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి లారీలో వేలూరు సీఎంసీకి. ప్రాణం దక్కింది. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్లూ పంచె ఆయన కట్టుకోలేదు, రోజూ పెద్దమ్మే కట్టేది, తలుపు మూసి. ఎవరూ చూడకూడదని.

చాలా ఏళ్ల తర్వాత ఆర్మీలో క్లాసులో కూర్చుంటే ఎందుకు జరిగిందో అర్థమైంది. స్మోక్‌లెస్ పౌడర్ చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది, ఆ మంట వల్ల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పైగా అదే గొట్టం నిండా నల్ల తుపాకీ మందు పోస్తే వచ్చే శక్తి కంటే దీని శక్తి ఎన్నో రెట్లు. కొలత మారలేదు, తుపాకీ మారలేదు, మనిషి చేయి వణకలేదు. సీసాలో ఉన్నదే వేరు. ఆ రోజు క్లాసు అయ్యాక బయటికి వచ్చి ఒక చెట్టు కింద చాలాసేపు నిలబడ్డా. అందుకే నీ బల్ల మీద ఆ సీసా చూసేసరికి నాకు పెదనాయన చేయే గుర్తొచ్చింది. తిడుతున్నాననుకో, ఏమైనా అనుకో, ముందు దాన్ని ఇంట్లోంచి తీసెయ్.

ఇక కొనే మందు సంగతి. సీలు వేసిన డబ్బా, కొట్లో కొను, రసీదు దాచు.

బోల్టు (తూటాని వెనక నుంచి మూసే కడ్డీ) చేత్తో లాగే రైఫిల్‌కి మందు చేసే పని ఒకటే, గుండుని నెట్టడం. నీ రైఫిల్‌లో రెండో పని ఉంది. గుండు బ్యారెల్‌లో గ్యాస్ రంధ్రం దాటగానే కొంత గ్యాస్ ఆ రంధ్రంలోంచి గొట్టం ద్వారా వెనక్కి వచ్చి బోల్టుని తోయాలి. ఆ క్షణంలో అక్కడ ఎంత ఒత్తిడి ఉందన్నది మందు మండే వేగం మీద ఆధారపడుతుంది. మరీ నిదానంగా మండే మందు పెడితే గుండు రంధ్రం దాటేటప్పటికి కూడా ఒత్తిడి ఎక్కువే ఉంటుంది, బోల్టు తొందరగా, గట్టిగా వెనక్కి కొడుతుంది, కేసు అంచు చిరుగుతుంది, సామాను అరుగుతుంది. పాత అమెరికన్ ఎం1 గారాండ్ రైఫిల్‌కి నిదానం మందు పెట్టి బోల్టుని వెనక్కి నడిపే ఆపరేటింగ్ రాడ్ వంచుకున్నవాళ్లు ఉన్నారు. మా ఆర్మీ పాత రైఫిల్ ఎస్ఎల్ఆర్‌కి గ్యాస్ రెగ్యులేటర్ ఉండేది, ఖోఖా (పేలిన ఖాళీ కేసు) సరిగా బయటికి దూకకపోతే ఆ రింగు తిప్పి సరిచేసేవాళ్లం. నీ రైఫిల్‌లో మామూలుగా ఆ సౌకర్యం ఉండదు, కాబట్టి మందే సరైనది పడాలి.

మీ దేశం సైన్యమే ఈ విషయంలో దెబ్బతింది. నీ ఏఆర్‌కి సైన్యపు రూపమైన ఎం16 రైఫిల్ ఐఎంఆర్ రకం పుల్ల మందుతో (చిన్న పుల్లల్లా కోసిన మందు) తయారై పరీక్షలు దాటింది. తర్వాత సైన్యం బాల్ పౌడర్‌కి, అంటే గుండ్రటి గింజల మందుకి మారింది. దాంతో రైఫిల్ పేలే వేగం పెరిగింది, లోపల మసి ఎక్కువ పట్టింది. దానికి తోడు తూటా కూర్చునే చాంబర్‌కి క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసుకునే సామాను సైనికులకి సరిగా ఇవ్వలేదు. వియత్నాంలో యుద్ధం మధ్యలో రైఫిళ్లు బిగుసుకుపోయి కుర్రవాళ్లు చచ్చిపోయారు. 1967లో అక్కడి పార్లమెంటులో ఇకార్డ్ కమిటీ దీనిమీద విచారణ జరిపి సైన్యాన్ని గట్టిగా తప్పుపట్టింది. పిస్టన్ మీద గట్టిపడిన మసిని చిందీ గుడ్డతో రుద్ది రుద్ది గోళ్ల సందుల్లో నలుపు వారాలపాటు పోని రోజులు నావి, అందుకే ఆ సంగతి చదివినప్పుడు కడుపు మండింది. బాల్ పౌడర్ చెడ్డదని కాదు నాయనా, ఇప్పుడు మంచివి వస్తున్నాయి. ఒక మందుకి తయారైన రైఫిల్‌లో ఇంకో మందు పెట్టేముందు ఎంత ఆలోచించాలో చెబుతున్నా.

నువ్వు పేర్లు అడిగావు కాబట్టి చెబుతా. నీ రైఫిల్ తూటా సైజు .223కి వార్‌గెట్, ఐఎంఆర్ 8208 ఎక్స్‌బీఆర్, హెచ్335, టాక్ ఇవన్నీ జనం ఎక్కువగా వాడేవే. హెచ్335, టాక్ బాల్ రకం, గసగసాల్లా జారి కొలతలో చక్కగా పడతాయి. వార్‌గెట్ పుల్ల రకం, ముక్కలు కొంచెం పొడుగు, కొలత గొట్టంలో అడ్డం పడి ఒక కేసులో తక్కువ, తర్వాతి దాంట్లో ఎక్కువ పడే అవకాశం ఉంది. 8208 కూడా పుల్ల రకమే కానీ సన్నగా చిన్నగా కోసింది. టెక్సాస్ ఎండ మన తిరుపతి మే నెల ఎండకి తీసిపోదంటావు కదా, వేడికి కొన్ని మందుల ఒత్తిడి పెరుగుతుంది, వార్‌గెట్ లాంటివి ఆ విషయంలో నిలకడ. నన్నడిగితే నువ్వు వార్‌గెట్ తీసుకుని ప్రతి కేసుకీ త్రాసులో తూచి పొయ్యి. నెమ్మదిగా అవుతుంది, అవనీ. ఏ మందైనా నింపిన తూటాలు ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు.

ఇంకో లాభం ఉంది. కేసుని దాదాపు నింపేసే మందు పెట్టుకుంటే పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బల్ల మీద పడుతుంది, కంటికి కనిపిస్తుంది. కొంచెమే పోసే మందైతే రెండింతలు పడినా లోపలే దాక్కుంటుంది.

పేర్లతో జాగ్రత్త. హెచ్4895 వేరు, ఐఎంఆర్ 4895 వేరు, ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. మండే వేగం వరుస పట్టీలో పక్కపక్కన ఉన్నాయని ఒకటి బదులు ఇంకోటి పోస్తే అదీ అంతే. ఎంత పోయాలో నేను చెప్పను, నీ స్నేహితులు చెప్పినా వినకు. హార్నడీ కంపెనీ కొలతల పుస్తకంలో .223 సర్వీస్ రైఫిల్ అని నీలాంటి సెమీ ఆటో రైఫిల్‌కి వేరే పట్టిక ఉంటుంది, అది చూడు, అదే గుండు బరువు, అదే మందు, ఆ మందు వరుసలో అన్నిటికంటే తక్కువ కొలతతో మొదలుపెట్టు. పుస్తకం కింది హద్దు కంటే తగ్గించకు, అది కూడా ప్రమాదమే, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు. చప్పుడు మెత్తగా వచ్చిందా, ఆపు, బ్యారెల్ లోపల వెలుతురు చూసే దాకా ఇంకోటి పేల్చకు.

త్రాసు బటన్ ఒకసారి చూసుకో, గ్రాముల్లో ఉందా గ్రెయిన్లలో ఉందా అని. ఒక గ్రాము అంటే 15 గ్రెయిన్లకి పైనే. పని మొదలుపెట్టే ప్రతిసారీ తెలిసిన బరువు పెట్టి సరిచూడు. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా. కొలతలో మిగిలింది పని కాగానే అదే డబ్బాలోకి. ప్రైమర్ (కేసు అడుగున మందుకి నిప్పు అంటించే బిళ్ల) కేసు మట్టానికి కొంచెం లోపలికి దిగాలి, వేలితో తడిమి చూడు, పైకి ఉంటే బోల్టు మూసుకునేటప్పుడే పేలే ప్రమాదం ఉంది, నీ రైఫిల్‌లో ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ను కొంచెం ముందుకీ వెనక్కీ ఆడుతుంది కాబట్టి. కళ్లద్దాలు పెట్టుకో. డబ్బా మూత తీసినప్పుడు ఘాటు పుల్లటి వాసన, తుప్పు రంగు దుమ్ము కనిపిస్తే ఆ మందు పాడైనట్టే. పాప మెలకువగా ఉన్నప్పుడు గ్యారేజీ తలుపు తాళం వెయ్, లేదంటే పని ఆపెయ్. ఫోన్ లోపల పెట్టి రా. నేను ఫోన్ చేసినా ఎత్తకు. చేసిన తూటాలు నీ కోసం మాత్రమే, అమ్మడానికి అక్కడ కూడా లైసెన్సు కావాలి, ఊరికే ఇవ్వడం కూడా వద్దు, వాళ్ల చేయి పోతే నీకు నిద్ర పట్టదు.

ఆఖరిది, దీనికి నువ్వు నవ్వుతావు కానీ నాకు నిజంగా భయం. డిసెంబర్‌లో పాప పుట్టువెంట్రుకలకి తిరుమల వస్తున్నారు. రేంజికి తీసుకెళ్లే ఆ సంచీ ఇండియాకి తేకు. విదేశాల నుంచి వచ్చినవాళ్ల సంచీ మూలలో ఒక్క తూటా దొరికి ఎయిర్‌పోర్టులో కేసు పెట్టారని ఎన్నోసార్లు పేపర్లో చూశాం, మరిచిపోయానంటే పోలీసు వినడు, 1959 ఆయుధాల చట్టం ఇక్కడ వేరే. చెన్నైలో దాటినా అలిపిరిలో సంచీలన్నీ మెషిన్‌లో పెట్టి చూస్తారు. ఖాళీ ఖోఖా కూడా ఉండకూడదు. కొత్త సూట్‌కేసు కొను, డబ్బు నేనిస్తా. జాకెట్టు జేబులు, పాప డైపర్ల సంచీ జేబులు కూడా తిరగేసి దులుపు.

ఆ సీసా ఎవరికి అప్పజెప్పావో రాయి. మందు కొన్నాక డబ్బా లేబుల్, పుస్తకంలో ఆ పట్టిక ఉన్న పేజీ, రెండూ ఒకే ఫోటోలో కనిపించేలా తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే మొదటి కేసులో పొయ్యి.

మీ చిన్నాయన,
చిత్తూరు