హెర్మెస్ ట్రిస్మెజిస్టస్ నిజంగా మోషే కాలపు మనిషేనా?

దైవజ్ఞానం, రసవాదం, జ్యోతిషం కలగలిసిన హెర్మెటిక్ విద్యకు ఆద్యుడని చెప్పే హెర్మెస్ ట్రిస్మెజిస్టస్ మోషే కాలంలో ఈజిప్టులో నిజంగా జీవించాడా అని అడిగారు. అలాంటి మనిషి ఎవరూ లేడన్నదే నా గట్టి అభిప్రాయం. అలాగని ఎవరో ఒకరు పనిగట్టుకుని ఆయనను కల్పించారనుకోవడం కూడా సరికాదు.

ఇటలీలోని సియెనా కెథెడ్రల్‌లో అందరూ తలలెత్తి నలుపు తెలుపు చారల స్తంభాలను చూస్తుంటే, నేను గుమ్మం దాటగానే నేలవైపు చూస్తూ ఆగిపోయాను. 1488లో చలువరాతితో తీర్చిన హెర్మెస్ చిత్రం అక్కడే ఉంది. గడ్డం, ఎత్తైన మొనదేలిన టోపీ ఉన్న ఆయన, తన ముందు వంగిన వ్యక్తికి ఒక పుస్తకం అందిస్తున్నాడు. రెండో చెయ్యి సింహికలు (స్ఫింక్స్‌లు) మోస్తున్న పలక మీద ఆనించి ఉంది. అక్షరాలనూ చట్టాలనూ స్వీకరించండని ఈజిప్టు వాసులను ఉద్దేశించి పుస్తకంలో రాసి ఉండగా, పాదాల దిగువన ‘మోషే సమకాలికుడు’ అని లాటిన్‌లో స్పష్టంగా చెక్కారు. మా గైడు మాత్రం ‘ఎవరో పాతకాలపు ప్రవక్త’ అని ఒక్క ముక్కలో తేల్చి ముందుకు నడిపించాడు. హెర్మెస్ అనే గ్రీకు దేవుడి పేరున్న అన్యమతస్థుడికి చర్చి గుమ్మంలోనే అంత చోటు ఎందుకిచ్చారో చెప్పకపోతే, ఇక గైడుకు డబ్బు ఎందుకివ్వాలి?

ఆ గౌరవానికి కారణం ఫ్లోరెన్స్‌లో ఉంది. హెర్మెస్ పేరిట ఉన్న రచనల గ్రీకు రాతప్రతి చేతికందగానే, ప్లేటోను పక్కనపెట్టి ముందు దీనిని లాటిన్‌లోకి మార్చమని ఆ నగరాన్ని శాసించిన కోసిమో దె మెదిచి ఆజ్ఞాపించగా, పండితుడు మార్సీలియో ఫిచీనో 1463లో ఆ పని ముగించాడు. ప్లేటో కంటే, పైథాగరస్ కంటే ఇది పాత జ్ఞానమని వారి నమ్మకం. 1614లో ఐజాక్ కాసొబోన్ అనే గ్రీకు పండితుడు ఆ గ్రీకు భాషనూ, అందులోని భావాలనూ పరిశీలించి, అవి క్రీస్తు తర్వాతి తొలి శతాబ్దాలకు చెందిన రచనలని తేల్చాడు. కాలం విషయంలో ఆయన మాట నిలిచింది. అయితే ఆయన వాటిని క్రైస్తవులు సృష్టించిన నకిలీలుగా చూడటం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది. ఎందుకంటే రాతకూ జ్ఞానానికీ అధిపతి అయిన ఈజిప్టు దేవుడు థోత్‌నే గ్రీకులు హెర్మెస్ అన్నారు, క్రీ.పూ. 196 నాటి ఈజిప్టు శాసనమైన రొసెట్టా శిల మీదే ‘గొప్ప, గొప్ప హెర్మెస్’ అని ఉంది. మూడింతల గొప్పవాడన్న ‘ట్రిస్మెజిస్టస్’ బిరుదు ఆ ఈజిప్టు అలవాటు నుంచే పెరిగింది. మన పురాణాలన్నిటికీ వ్యాసుడే కర్త అయినట్లు, అక్కడి పూజారులూ, లేఖకులూ రాసినదంతా థోత్ ఖాతాలోకే చేరేది.

తొమ్మిదో శతాబ్దపు జ్యోతిష్కుడు అబూ మాషర్‌కు ఒక్క హెర్మెస్ చాలలేదు, ముగ్గురున్నారన్నాడు. మొదటివాడు జలప్రళయం విద్యలను మింగేస్తుందన్న భయంతో వాటిని ఈజిప్టులోని అఖ్మీమ్ ఆలయ గోడల మీద చెక్కించాడట. ఇంత చక్కని కథలుండగా, నేడు డబ్బు కట్టించుకుని ‘ప్రాచీన హెర్మెటిక్ ఏడు సూత్రాలు’ నేర్పేవారు మాత్రం 1908లో చికాగోలో అచ్చయిన ఒక పుస్తకాన్నే వల్లిస్తుంటారు.

1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర దొరికిన, కోప్టిక్ అనే ఈజిప్టు భాషలోని ప్రతుల్లో ఉన్న ఒక హెర్మెటిక్ సంభాషణలో, ఈ ఉపదేశాన్ని దియోస్పోలిస్ అనే ఈజిప్టు నగరంలోని ఆలయం కోసం నీలిరాతి ఫలకాలపై చిత్రలిపిలో చెక్కమని గురువు శిష్యుణ్ణి ఆదేశిస్తాడు. తాను ప్రాచీనమైనదిగా కనిపించాలని ఆ గ్రంథమే కోరుకుంటుంటే, మోషే కాలపుదని నమ్మిన ఫిచీనోను అమాయకుడని ఎలా అనగలం?