లాకప్ డెత్ కథ అందరిదీ, ఆ తప్పు తేదీ మాత్రం మీదే

సందేహం: నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. కొన్నేళ్ల కిందట ఒక సినిమా కథ రాసుకున్నాను. ఇసుక లారీలను అడ్డుకున్న కుర్రాణ్ని ఎమ్మెల్యే చెప్పాడని ఎస్సై స్టేషన్‌కు ఎత్తుకెళ్తాడు. ఆ దెబ్బలకు కుర్రాడు లాకప్‌లో చనిపోతాడు. తల్లి కోర్టుకెక్కుతుంది. ఒక అసోసియేట్ డైరెక్టర్‌కు రెండు గంటలు కథ చెప్పి, తర్వాత పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపాను. ఏడాదిన్నరకు అదే కథతో సినిమా వచ్చింది. నా పేరు లేదు. థియేటర్‌లోనే ఏడ్చేశాను. సినిమా వచ్చి రెండేళ్ల నాలుగు నెలలైంది. రచయితల సంఘంలో కథ రిజిస్టర్ చేయించలేదు, ఫోన్ మార్చినప్పుడు చాట్ పోయింది. పాత తేదీ స్టాంపు పేపరు మీద కథ రాసినట్టు నోటరీ చేయించి, యాభై లక్షలు ఇవ్వకపోతే పోలీసు కేసు పెడతానని నిర్మాతకు నోటీసు పంపమని మిత్రులు అంటున్నారు. ఇంకోటి: నా కథలో కుర్రాడు 17వ తేదీ రాత్రి చనిపోతాడు, టైపింగ్ పొరపాటు వల్ల శవ పంచనామా మీద 16 అని పడింది. సినిమాలో చూపించిన కాగితం మీద కూడా 16 అనే ఉంది. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో చాలా భాగం కోర్టుకు అక్కర్లేనిది. చివర్లో ‘ఇంకోటి’ అంటూ తేలిగ్గా రాసిన ముక్కలోనే మీ కేసు ఉంది.

ముందు చేదు సంగతి వినండి. అవినీతి ఎమ్మెల్యే, కొట్టే ఎస్సై, ఇసుక దందా, లాకప్ డెత్, కొడుకు కోసం పోరాడే తల్లి. వీటి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. రోజూ పేపర్లలో వచ్చే వార్తలివి, ఎవరైనా సినిమా తీసుకోవచ్చు. ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిలిమ్స్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ప్రాంతీయ దురభిమానం మీద తాను రాసిన నాటకాన్ని సినిమాగా తీసేశారని రచయిత కోర్టుకు వెళ్లి ఓడిపోయాడు. కథావస్తువుకు రక్షణ లేదు, దాన్ని రచయిత చెప్పిన తీరుకే రక్షణ అన్నది కోర్టు. రెండూ చూసినవాడికి ఇది దానికి నకలేనన్న అభిప్రాయం ఏ అనుమానమూ లేకుండా కలగాలి. కాబట్టి ‘అదే కథ’ అన్న మీ మాటకు కోర్టులో విలువ లేదు.

ఆ తేదీ సంగతి వేరు. మంచి ఆలోచన ఇద్దరికి విడివిడిగా తట్టవచ్చు. ఒకే పొరపాటు ఇద్దరికీ ఒకేచోట తట్టడం అరుదు. 17న చనిపోయిన మనిషికి 16న శవ పంచనామా జరగదు. పోలీసులు కాగితాలు ముందే సిద్ధం చేశారని చూపడానికి కావాలనే అలా పెట్టామని అవతలి లాయరు అంటాడు, అది ఖాయం. అప్పుడు చూడాల్సింది ఒక్కటే. సినిమాలో ఆ తేడాను ఎవరైనా పట్టుకున్నారా? తల్లి తరఫు వకీలు పాత్ర దాని గురించి ఒక్క ప్రశ్నైనా వేసిందా? వేసి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. ఎవరూ పట్టించుకోకపోతే, అది మీ పేజీలోంచి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ దాకా అలాగే నడిచొచ్చిన తప్పని వాదించవచ్చు. ఓటీటీలో ఆ సీను మళ్లీ చూసి, కాగితం కనిపించే నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. చావు 17వ తేదీనే అని సినిమాలో ఎక్కడ తెలుస్తుందో అదీ రాయండి. ఈ ఒక్క తేదీతోనే కేసు గెలవలేరు. మీ సీన్లు, సినిమా సీన్లు పక్కపక్కన పెట్టి పట్టిక తయారు చేయండి. అందరికీ తట్టే సీన్లు దాంట్లోంచి నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

ఇక మీ నిర్లక్ష్యం. కథ రాయడానికి అంత కష్టపడి, దాన్ని రిజిస్టర్ చేయించడానికి ఒక పూట తీరిక లేకపోయిందా? కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నిజమే. కానీ రాసిన తేదీ నిరూపించాల్సింది మీరే. ఇప్పుడు రిజిస్టర్ చేయిస్తే పడేది ఇప్పటి తేదీ. ఫోన్ మార్చేటప్పుడు ఫొటోలన్నీ జాగ్రత్తగా దించుకుని ఉంటారు, ఈ ఒక్క చాట్ మాత్రం వదిలేశారు.

పాత స్టాంపు పేపరు మాట మళ్లీ ఎత్తకండి. దాని మీద వరుస నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, వెండరు దగ్గర రిజిస్టరూ ఉంటుంది. నోటరీకీ రిజిస్టరు ఉంటుంది. దొరికిపోవడానికి ఒక్క క్రాస్ ఎగ్జామినేషన్ చాలు. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ, 229 కింద దొంగ సాక్ష్యం. కోర్టులో దొంగ సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. దాంతో మీ అసలు పీడీఎఫ్ నిజమైనదే అయినా ఎవరూ నమ్మరు. పోలీసు కేసు పేరుతో డబ్బు అడిగితే 308 కింద బలవంతపు వసూలు అంటారు. పైగా ఆధారం లేని బెదిరింపు నోటీసు మీద కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద నిర్మాతే మీ మీద దావా వేయవచ్చు. పోలీసు దౌర్జన్యం మీద కథ రాసిన మీరు పోలీసుల్ని చూపించి భయపెట్టాలనుకోవడం నాకైతే వింతగా ఉంది.

నష్టపరిహారం దావాకు, దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 88వ ఆర్టికల్ ప్రకారం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్లు. థియేటర్ విడుదల నుంచి లెక్కిస్తే మీకు ఎనిమిది నెలలు మిగిలాయి. ఓటీటీలో వచ్చినప్పటి నుంచి కొత్త గడువు మొదలవుతుందని ధీమాగా ఉండొద్దు. క్లెయిమ్ మూడు లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే అది కమర్షియల్ కోర్టు దావా. తక్షణ ఇంజంక్షన్ (కోర్టు నిలిపివేత ఉత్తర్వు) అవసరం లేని దావాకు ముందు రాజీ కోసం మీడియేషన్‌కు వెళ్లాలని కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ చెబుతుంది. ఆ కాలాన్ని లిమిటేషన్‌లోంచి మినహాయిస్తారు. ఇన్నాళ్లు ఊరుకున్నారు కాబట్టి తక్షణ ఇంజంక్షన్ ఆశ వదులుకోండి. కాపీరైట్ చట్టం 55వ సెక్షన్ కింద నష్టపరిహారం లేదా లాభాల లెక్క, 57 కింద టైటిల్స్‌లో పేరు అడగవచ్చు. 62వ సెక్షన్ మీరు నివసించే జిల్లాలోనే దావా వేసే వీలిస్తుంది. నోటితో చెప్పిన భాగం వేరే సంగతి. అక్కడ కాపీరైట్ కంటే, నమ్మి చెప్పిన విషయాన్ని వాడుకున్నారన్న వాదన మేలు. 2003లో జీ టెలీఫిలిమ్స్ వర్సెస్ సన్‌డయల్ కేసులో బాంబే హైకోర్టు దాన్ని ఒప్పుకుంది.

సాక్ష్యం మొత్తం పోలేదు. కథ ఏ డీటీపీ సెంటర్లో టైపు చేయించారు? వాళ్ల కంప్యూటర్లో ఫైలు ఉండవచ్చు. పీడీఎఫ్ ఇంకెవరికైనా పంపారా? వాళ్ల ఫోన్లో చాట్ ఉంటే ఆ ఫోను మార్చవద్దని చెప్పండి. మీ పాత ఫోను అమ్మేశారా, అలమరలో ఉందా? ఉంటే మీరు దాన్ని కదిలించకండి. కాపీలు దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. దాంట్లో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్), నిపుణుడి సంతకం ఉండాలి. వట్టి స్క్రీన్‌షాట్లు తెస్తే పనికిరావు. కమర్షియల్ కోర్టులో పత్రాలన్నీ దావా పత్రమైన ప్లెయింట్‌తోనే పెట్టాలి, తర్వాత తెస్తానంటే కోర్టు అనుమతి తీసుకోవాలి.

చివరగా ఆ అసోసియేట్. ఆయన ఈ సినిమాకు పనిచేశాడా? టైటిల్స్ ఆపి చదవండి. పేరు లేకపోతే మీ పీడీఎఫ్ దర్శకుడి దాకా ఎలా చేరిందో చూపాల్సి వస్తుంది. ఆ లింకు లేకపోతే కేసు నిలవదు. ఆయనకు ఫోన్ చేసి తిట్టకండి. ‘అన్నా, ఫలానా నెలలో పంపిన నా కథ పీడీఎఫ్ మీ దగ్గర ఉంటే ఒకసారి తిరిగి పంపుతారా’ అని మర్యాదగా మెసేజ్ పెట్టండి. పంపినా, ‘లేదు, డిలీట్ చేశా’ అన్నా, మీరు పంపినట్టు ఆయనే ఒప్పుకున్నట్టు. జవాబు వచ్చాక, అది వచ్చిన ఫోను తీసుకుని, ఈ నెలలోనే మీ జిల్లాలో కాపీరైట్ కేసులు చూసే లాయరును కలవండి. లీగల్ నోటీసు ఆ తర్వాతే పంపాలి. ముందే పంపితే ఆ మెసేజ్‌కు జవాబు రాదు.