సమాధానం: దేవుడు ఒక్కడే అయితే పది ఆజ్ఞల్లో ‘వేరొక దేవుడు’ ఎందుకు?

మీరు బైబిల్లోని మాటలన్నిటినీ ఒకే కాలపు మాటలుగా చదువుతున్నారు, చిక్కంతా అక్కడే. ఆ ఒక్క దేవుడు క్రైస్తవంలో త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒకే దేవుడు) ఎలా అయ్యాడు, ఇస్లాం దాన్ని ఎందుకు ఒప్పుకోదు అని కూడా అడిగారు కదా, ఈ వరసలో చూడండి.

1. నిర్గమకాండం 20:3, పది ఆజ్ఞల్లో మొదటి మాట. వేరే దేవుళ్లు లేరని అనదు, నీకు ఉండకూడదు అంటుంది. 82వ కీర్తనలో అయితే దేవుడు దైవాల మధ్య నిలబడి తీర్పు చెబుతాడు.

2. ఎక్కువమంది దాటేసేది ఇదే. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేము ఆలయాన్ని కూల్చి యూదా జనాన్ని చెరపట్టుకుపోయింది. ఆ రోజుల్లో గుడి పోయిందంటే ఆ దేవుడు ఓడిపోయినట్టే లెక్క, కానీ వాళ్ల ప్రవక్తలు మా దేవుడు ఓడలేదు, బబులోనును నడిపించిందీ ఆయనే అన్నారు. బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 45వ అధ్యాయం తీయండి. మొదట్లోనే పారసీక రాజు కోరెషు పేరుంటుంది, ఐదో వచనంలో ‘నేను తప్ప ఏ దేవుడును లేడు’. 40–55 అధ్యాయాలు చెర కాలం నాటివని చాలామంది పండితుల అభిప్రాయం. ‘నీకు వేరే దేవుడు ఉండకూడదు’ నుంచి ‘వేరే దేవుడే లేడు’కి, నాకైతే మొత్తంలో అతి పెద్ద మలుపు ఇదే.

3. క్రైస్తవులు ఈ ఒక్క దేవుణ్ని వదల్లేదు. క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభ కుమారుడిది, అంటే యేసుది, తండ్రి తత్వమే అంది, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మకూ అదే ఆరాధన అంది.

4. ఖురాన్ 112వ సూరా: ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు. అందుకే దేవునికి కుమారుడు అనే మాటను ఇస్లాం ఒప్పుకోదు.

ముందు యెషయా 40–48 చదివి, తర్వాత మళ్లీ పది ఆజ్ఞలకు రండి.