డిస్పాచర్ కోర్సుకు ఫీజు కట్టే ముందు

"ఐదారు వారాల్లో సర్టిఫికెట్ వచ్చేస్తదంట గదన్నా, ఫీజు కట్టేదా?" అని ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు నుంచి అమెరికా వచ్చిన పిల్లలు ఈ మధ్య ఫ్లైట్ డిస్పాచర్ శిక్షణ గురించి తరచుగా అడుగుతున్నారు. కోర్సు అంత త్వరగా ముగిసే మాట నిజమే గాని, సర్టిఫికెట్ చేతికి రావడం వేరు, ఆ పని చేసేందుకు అనుమతి ఉండటం వేరు.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన తీరాన్ని ముంచెత్తినప్పుడు చెన్నై విమానాశ్రయం మూతపడి, కొన్ని విమానాలు బెంగళూరుకు మళ్ళిన సంగతి నెల్లూరు వారికి గుర్తుండే ఉంటుంది. అవసరమైతే ఎక్కడికి మళ్ళాలో, అందుకు ఎంత ఇంధనం మోయాలో విమానం కదలకముందే తేల్చేవాడు డిస్పాచర్. అమెరికా దేశీయ సర్వీసుల్లో, చేరే వేళకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు మేఘాల ఎత్తు 2,000 అడుగుల కన్నా, చూపు దూరం 3 మైళ్ళ కన్నా తగ్గవచ్చని అంచనా ఉంటే, మరో విమానాశ్రయాన్ని ప్రత్యామ్నాయంగా రాయాలి. అక్కడికి చేరాక కూడా మరో 45 నిమిషాలు ఎగరగలిగే ఇంధనం మిగలాలి. ఇవన్నీ రాసి విమానం బయల్దేరేందుకు అనుమతిచ్చే కాగితం (డిస్పాచ్ రిలీజ్) మీద కెప్టెన్‌తో పాటు డిస్పాచర్ కూడా సంతకం చేస్తాడు, బాధ్యత ఇద్దరిదీ. జీతం మాట అడిగేవారు ఈ సంతకం మాట అడగరు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం శిక్షణ కనీసం 200 గంటలు ఉండాలి. రాతపరీక్షకు 21 ఏళ్ళు, సర్టిఫికెట్‌కు 23 ఏళ్ళు నిండాలి. సర్టిఫికెట్ ఇచ్చే ముందు, రాతపరీక్ష గట్టెక్కాక, పరీక్షకుని ఎదుట కూర్చుని ఒక ప్రయాణాన్ని పూర్తిగా ప్రణాళిక వేసి, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాలి. పౌరసత్వం గాని, డిగ్రీ గాని, పైలట్లకు ఉండే వైద్యపరీక్ష గాని అడగరు.

డిగ్రీ అడగకపోవడం సుఖంగానే తోస్తుంది గాని, చిక్కంతా అక్కడే ఉంది. డిగ్రీ తప్పనిసరి కాని ఉద్యోగానికి హెచ్-1బీ ఉద్యోగ వీసా రావడం చాలా కష్టం. ఓపీటీలో (విద్యార్థి వీసా మీద చదువుకు అనుబంధంగా ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) ఉన్నవారు చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పనే చేయాలి కనుక, కంప్యూటర్ సైన్స్ పట్టాతో డిస్పాచ్ గదిలో కూర్చోవడాన్ని సమర్థించుకోవడం తేలిక కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు, హెచ్-4 (హెచ్-1బీ వారి జీవిత భాగస్వాముల వీసా) మీద పని అనుమతి పొందిన మన ఆడబిడ్డలు నిశ్చింతగా ప్రయత్నించవచ్చు. మొదటి ఉద్యోగం సాధారణంగా చిన్న ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లోనే దొరుకుతుంది. రాత్రి షిఫ్టులు, పండుగ రోజుల డ్యూటీలు తప్పవు.

అనుమతి సంగతి తేలేదాకా డబ్బు కట్టవద్దు. ఈలోగా చెన్నై విమానాశ్రయం మెటార్ (నమోదైన వాతావరణం), టాఫ్ (ముందస్తు అంచనా) నివేదికలను అమెరికా ప్రభుత్వ ఏవియేషన్ వెదర్ సైటులో రోజూ ఉచితంగా తీసి చదవండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వేళ, ముందు చెప్పిన అంచనాకూ తర్వాత నమోదైన వాతావరణానికీ ఎక్కడ తేడా వచ్చిందో రాసిపెట్టుకోండి. అది నెల రోజులు విసుగు లేకుండా సాగితే కోర్సు మాట ఆలోచించవచ్చు.