ఇంగ్లీష్‌లో పార్ట్స్ ఆఫ్ స్పీచ్ (భాషాభాగాలు) ఎనిమిదీ బట్టీ పట్టాను, వాక్యంలో మాత్రం గుర్తుపట్టలేకపోతున్నాను. ఏం చేయాలి?

ఒకప్పుడు నాదీ ఇదే బాధ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నౌన్, ప్రొనౌన్, వెర్బ్ దగ్గర్నుంచి ఇంటర్జెక్షన్ దాకా నిద్రలో లేపి అడిగినా ఎక్కాల్లా అప్పజెప్పేవాణ్ణి. మొదటి ఇంటర్వ్యూలో ‘ఐ వర్క్ హార్డ్‌లీ సర్’ అన్నాను, అదీ మంచి ధీమాగా. ఎదురుగా కూర్చున్నాయన పెదవి బిగబట్టి కాగితాల్లోకి తల దించేసుకున్నాడు. ‘నేను పని చేసేది అంతంతమాత్రమేనండీ’ అని చెప్పి వచ్చానని బయటికొచ్చాక ఫ్రెండ్ చెప్తే గానీ తెలియలేదు.

అడ్వెర్బ్ (క్రియా విశేషణం) అంటే చివర ‘లీ’ ఉండాలని నా లెక్క. కానీ ‘హార్డ్ వర్క్’లో హార్డ్ అడ్జెక్టివ్ (విశేషణం), ‘వర్క్ హార్డ్’లో అదే మాట అడ్వెర్బ్. ‘వాటర్’ నౌనే కదా అనుకుంటాం, ‘వాటర్ ద ప్లాంట్స్’ అంటే వెర్బ్ అయిపోతుంది. కాబట్టి మాటను విడిగా చూసి పేరు పెట్టకండి, ఆ వాక్యంలో అది ఏం పని చేస్తోందో చూడండి.

మనల్ని ఎక్కువగా తికమకపెట్టేది మన ‘గా’. ‘మెల్లగా నడిచాడు’ అంటే ‘స్లోలీ’, సరే. ‘అందంగా పాడింది’ అంటే ‘బ్యూటిఫులీ’, అదీ సరే. మరి ‘ఆమె అందంగా ఉంది’? ఇక్కడా ‘గా’ ఉందని లీ తగిలిస్తే తప్పు. ‘షి ఈజ్ బ్యూటిఫుల్’ అనాలి. నడవడం, పాడడం లాంటి పని ఎలా జరిగిందో చెప్తే అడ్వెర్బ్. ‘గా’ పక్కన ‘ఉంది’ వచ్చి మనిషి గురించో వస్తువు గురించో చెప్తుంటే చాలావరకు అడ్జెక్టివ్. అన్నం వేడిగా ఉంది, ‘ద రైస్ ఈజ్ హాట్’. నాకైతే ఈ ఒక్క ముక్కతో సగం టెన్షన్ పోయింది.

ప్రిపొజిషన్లదీ కొంచెం ఇలాంటి గొడవే. మనం ‘టేబుల్ మీద’ అని వెనక పెడతాం, వాళ్లు ‘ఆన్ ద టేబుల్’ అని ముందు పెడతారు. అది త్వరగానే అలవాటవుతుంది. ‘గురించి’ తోనే చిక్కు. ‘డిస్కస్’ అనే వెర్బ్‌లోనే ‘గురించి’ అన్న అర్థం కలిసి ఉంది కాబట్టి దాని వెనక ‘అబౌట్’ అక్కర్లేదు, ‘డిస్కస్ ద ప్రాబ్లమ్’ చాలు. ‘డిస్కషన్’ నౌన్, దానికైతే ‘అబౌట్’ పెట్టొచ్చు. ఆఫీసు మెయిళ్లలో నేను ఇప్పటికీ తడబడేది ఇక్కడే.

ఇంటర్జెక్షన్ గురించి బెంగే వద్దు, అయ్యో అనడం మనకెవరూ నేర్పక్కర్లేదు.

జాబితా మళ్లీ చదవకుండా, రోజుకో మాట తీసుకుని డిక్షనరీలో అది ఎన్ని వేషాలు వేస్తుందో చూసి, ఒక్కోదానికీ సొంత వాక్యం రాయండి. ముందు ‘రౌండ్’ పట్టుకోండి, దానికి ఐదు దొరుకుతాయి.