నడుము కింద చచ్చుబడిన మనిషిని ఇంటికి తెచ్చుకునే ముందు ఎవరిని పట్టుకోవాలి?

మీ అన్నయ్య ఎత్తు మీంచి పడి వెన్నెముక విరిగిందని, ఆపరేషన్ అయినా కాళ్లలో కదలిక రాలేదని, ఇంకో పది రోజుల్లో డిశ్చార్జ్ చేస్తామంటున్నారని రాశారు. ఎవరిని సాయం అడగాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదన్నారు. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. ఆరేళ్ల కిందట మా తమ్ముడికి ఇదే జరిగింది. అప్పుడు వాడికి 27 ఏళ్లు. వాడి అక్కగా నేను చూసింది, మేం చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

పెద్ద తప్పుతోనే మొదలుపెడతాను. మొదటి మూడు నెలలు మేం వెతికింది ఒక్కటే, వీణ్ణి ఎవరు నడిపిస్తారా అని. స్కాన్ల ఫైలు చంకలో పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరిని కలిశాం. మేమలా తిరుగుతుంటే ఇంట్లో వాడికి వెన్ను చివర, పిరుదుల పైన చర్మం ఎర్రబడింది. వాడికి నొప్పి తెలియదు. చూడాలని మాకు తెలియదు. పది రోజుల్లో అది వేలు దూరేంత పుండు అయింది. మానడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ బోర్లా పడుకోవడం, లేకపోతే పక్కకి తిరిగి పడుకోవడం. కూర్చోవడానికి లేదు, ఫిజియో ఆగిపోయింది, చేతుల్లో ఉన్న బలం కూడా తగ్గిపోయింది. నడిపించేవాళ్ల కోసం వెతకొద్దని చెప్పను, చెప్పినా మీరు వినరు, మేమూ వినలేదు. కానీ ఈ పది రోజులు మాత్రం ఎలా బతకాలో నేర్పేవాళ్లని పట్టుకోండి.

వాళ్లు ఇప్పుడు మీ చుట్టూనే ఉన్నారు. వార్డు నర్సు, ఫిజియోథెరపిస్టు, ఉంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు (స్నానం, బట్టలు లాంటి రోజువారీ పనులు తనే చేసుకోవడం నేర్పేవాళ్లు), మూత్రం సంగతి చూసే యూరాలజీ వాళ్లు, ఆసుపత్రి సోషల్ వర్కర్. డిశ్చార్జ్ అయ్యాక వీళ్లని కలవాలంటే అపాయింట్‌మెంట్ కావాలి. ఇప్పుడైతే కారిడార్లో ఆపి అడగొచ్చు. మొహమాటపడకండి. "చూపించండి" అని ఊరుకోవద్దు, "నేను చేస్తాను, మీరు పక్కన నిలబడి చూడండి" అనండి. మాకు నర్సు ఒకసారి చూపించింది, మేం తలూపాం. ఇంటికొచ్చాక చూస్తే ఒక్కటీ చేతికి రాలేదు.

నేర్చుకోవాల్సినవి నిజానికి నాలుగే. మొదటిది చర్మం. మంచం మీద ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. పొద్దునా సాయంత్రం మడమలు, చీలమండలు, తుంటి, వెన్ను చివర, మోచేతులు చూడాలి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే దెబ్బ మొదలైనట్టే. అప్పటి నుంచి ఆ చోట బరువు పడకూడదు. రంగు ముదురుగా ఉన్న చర్మం మీద ఎరుపు తెలియదు కాబట్టి, చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి చూడాలి.

రెండోది మూత్రం. ఎప్పుడూ లోపలే ఉండే పైపు కన్నా, వీలైన వాళ్లకి నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టి ఖాళీ చేసి తీసేసే పద్ధతే మేలని సాధారణంగా చెబుతారు. ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోమంటారు. మీ అన్నయ్యకి చేతులు బాగున్నాయి కాబట్టి ఇది తనే చేసుకోవచ్చేమో అడగండి. తనే చేసుకోగలిగితే మీ ఇద్దరికీ ఎంత తేడానో ఇప్పుడు మీకు అర్థం కాదు. మూడోది మోషన్. రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఒకే టైముకి, తిన్నాక ఇరవై ముప్పై నిమిషాలకి కూర్చోబెడితే పేగులు ఆ అలవాటుకి వస్తాయి. ఎలా చేయించాలో దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టి మారుతుంది, నర్సుని సిగ్గుపడకుండా అడగండి. నాలుగోది మంచం నుంచి కుర్చీకి మార్చడం. దీనికి మంచానికీ కుర్చీకీ మధ్య వేసి మనిషిని దాని మీద జరిపే నున్నటి పలక ఒకటి ఉంటుంది. అది తెలియక మా అమ్మ వాణ్ణి చంకల కింద చేతులేసి ఎత్తి ఎత్తి తన నడుము పాడుచేసుకుంది. ఇంట్లో ఇద్దరు రోగులయ్యారు.

డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దెబ్బ ఏ పూస దగ్గర, గ్రేడు ఎంత? గ్రేడు ఇంగ్లీషు అక్షరాల్లో ఏ (A) నుంచి ఈ (E) వరకు ఉంటుంది. ఏ (A) అంటే దెబ్బ కింద, మలద్వారం చుట్టూ కూడా, ఏ స్పర్శా కదలికా లేనట్టు. ఈ (E) అంటే పరీక్షలో స్పర్శా కదలికా మామూలుగానే ఉన్నట్టు. పడ్డ వెంటనే చేసిన పరీక్ష కన్నా 72 గంటల తర్వాత చేసిన దాన్ని బట్టి ముందు ముందు ఎలా ఉంటుందో కొంచెం మెరుగ్గా అంచనా వేస్తారు. పూస, గ్రేడు రెండూ డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. ఇక ముందు ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది అదే.

ఇంకో సంగతి. కొన్ని వారాలకి కాళ్లు వాటంతట అవే ఎగిరిపడొచ్చు. మా అమ్మ అది చూసి ఫోన్లు చేసి అందరికీ చెప్పేసింది, కదలిక వచ్చేసిందని. అది కదలిక కాదు. దెబ్బ తగిలిన కొత్తలో స్తంభించిపోయిన వెన్నుపాము కింది భాగం, మెదడు అదుపు లేకుండా మళ్లీ పనిచేయడం మొదలుపెట్టినప్పుడు కండరాలు అలా ఎగిరిపడి బిగుసుకుంటాయి. ఆ సాయంత్రం ఫిజియో ఈ మాట చెప్పినప్పుడు అమ్మ ముఖం నేను చూడలేకపోయాను. మీరు ముందే తెలుసుకుని ఉంటే మంచిది.

ఛాతీ భాగంలో ఆరో పూస దగ్గర గానీ అంతకన్నా పైన గానీ దెబ్బ ఉంటే ఈ పేరా ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మా వాడిది అయిదో పూస. ఒక రాత్రి ఉన్నట్టుండి తల పగిలిపోతోందన్నాడు, ముఖం ఎర్రగా కందిపోయింది, నుదుటి మీద ధారగా చెమట. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అక్కడున్నాయన తలనొప్పి మాత్ర ఇచ్చి పడుకోబెట్టమన్నాడు. పడుకోబెట్టడం సరిగ్గా చేయకూడని పని. తొడ కింద యూరిన్ పైపు నలిగి మూత్రాశయం నిండిపోయింది, వాడికి ఆ నిండడం తెలియదు, ఒళ్లు మాత్రం బీపీని పైకి తోసేసింది. దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ప్రాణం మీదికి తెస్తుంది. చేయాల్సింది, వెంటనే నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేయడం, బిగుతు బట్టలు, బెల్టు వదులు చేయడం, ఆ తర్వాత కారణం వెతకడం: ముందు మూత్రం, తర్వాత మోషన్, తర్వాత చర్మం, ముడుచుకున్న బట్ట, గోరు దగ్గర పుండు, ఏదైనా కావొచ్చు. తగ్గకపోతే ఆసుపత్రికి. ఇలాంటి దెబ్బ ఉన్నవాళ్ల మామూలు బీపీయే తక్కువగా ఉంటుంది కాబట్టి, చూసేవాళ్లకి 140 పెద్ద సంఖ్యలా కనిపించదు, వీళ్లకి మాత్రం ప్రమాదమే. అందుకని అన్నయ్య మామూలు బీపీ ఎంతో, ఈ జబ్బు పేరు ఏమిటో ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టండి. అన్ని ఎమర్జెన్సీ గదుల్లోనూ ఇది తెలిసినవాళ్లు ఉంటారని అనుకోవద్దు.

ఇక సాయం ఎవరిని అడగాలన్న మీ అసలు ప్రశ్న. మాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఒక మనిషి. పుండు మానుతున్న రోజుల్లో ఫిజియో పంపిస్తే వచ్చాడు. చక్రాల కుర్చీలో పదిహేనేళ్లుగా ఉన్నాడట. గుమ్మంలోకి వచ్చి నాన్నకి నమస్కారం పెట్టి, ఆ తర్వాత మా ఎవరి వైపూ చూడలేదు. తమ్ముడితోనే మాట్లాడాడు. అప్పటిదాకా వచ్చిన వాళ్లంతా వాడి ముందే నిలబడి "తింటున్నాడా, నిద్రపోతున్నాడా" అని నన్ను అడిగేవాళ్లు. కాసేపటికి ఆయన "మీరంతా కొంచెం బయట కూర్చుంటారా" అన్నాడు. తలుపు వేసుకున్నారు. గంట సేపు. మధ్యలో తమ్ముడి నవ్వు వినిపించింది, ప్రమాదం తర్వాత అదే మొదటిసారి. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు చాలాకాలం తెలియదు. తర్వాతెప్పుడో వాడే చెప్పాడు: బయటికెళ్తే మూత్రం లీకైతే ఏం చేస్తావు, పెళ్లి, పిల్లలు, కారు ఎలా నడుపుతావు, చచ్చిపోవాలని ఎన్నాళ్లు అనిపించింది. అక్క అడగలేదు, తమ్ముడు చెప్పలేడు, డాక్టర్‌కి టైముండదు.

ఇలాంటి మనిషిని వెతకడానికి పెట్టిన టైము ఏదీ వృథా కాదు. ఫిజియోని, ఆక్యుపేషనల్ థెరపిస్టుని "ఇలాంటి దెబ్బతోనే కొన్నేళ్లుగా బాగా బతుకుతున్నవాళ్లు మీకెవరైనా తెలుసా" అని అడగండి. చక్రాల కుర్చీలు కొలతలు తీసి అమర్చేవాళ్లకి చాలామంది తెలుస్తారు, ఈ సంగతి ఎవరికీ తట్టదు. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ జట్టు ఎక్కడ ప్రాక్టీస్ చేస్తుందో కనుక్కుని వెళ్లి కూర్చోండి, ఆడకపోయినా పర్లేదు. వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్ల సంఘాలు చాలా దేశాల్లో ఉన్నాయి. దెబ్బ స్థాయి, వయసు దగ్గరగా ఉన్న మనిషి దొరికితే ఇంకా మంచిది. ఆటలంటే గుర్తొచ్చింది, మా ఇంటికొచ్చిన ఆయనే చెప్పాడు ఈ కథ. ఒకప్పుడు ఇలా చచ్చుబడినవాళ్లు పుండ్లతోనో మూత్రం ఇన్ఫెక్షన్‌తోనో కొద్దికాలానికే పోయేవాళ్లు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్క మార్పించడం మొదలుపెట్టి, 1948లో లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే అక్కడ చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కి అదే మొదలు. మా వాడు విన్నది ఆటల సంగతి, నేను విన్నది రెండు గంటల సంగతి.

చదవడానికి ఇంటర్నెట్లో రెండు చోట్లు చెబుతాను. అంతర్జాతీయ స్పైనల్ కార్డ్ సొసైటీ నడిపే ఇ-లెర్న్ ఎస్‌సీఐ (ఎస్‌సీఐ అంటే వెన్నుపాము దెబ్బ) అనే ఉచిత పాఠాలు. అవి డాక్టర్లకీ నర్సులకీ రాసినవి, అయినా ఓపికగా చూస్తే మనకీ అర్థమవుతాయి. రెండోది, గుర్రం మీంచి పడి 1995లో మెడ కింద చచ్చుబడిన నటుడు క్రిస్టఫర్ రీవ్ పేరు మీదున్న ఫౌండేషన్ వాళ్ల ఉచిత పుస్తకాలు, ఇంగ్లీషు కాక ఇంకొన్ని భాషల్లోనూ ఉన్నాయి. వీటిలో మూత్రాశయం, చర్మం మీద ఉన్నవి ముందు చదవండి. మూలకణాలతో (స్టెమ్ సెల్స్) నడిపిస్తామనే ప్రకటనలు కూడా మీకు కనిపిస్తాయి. పూర్తిగా దెబ్బతిన్న వెన్నుపామును మళ్లీ మామూలుగా చేసే చికిత్స ఇప్పటికి ఎక్కడా రుజువు కాలేదు. నిజమైన పరిశోధన జరిపేవాళ్లు మామూలుగా రోగి దగ్గర లక్షలు అడగరు. మేం ఒకచోట డబ్బు కట్టేశాం, ఎక్కడో ఎంతో రాయను, నాన్నకి ఇప్పటికీ ఆ మాట ఎత్తితే బాధ.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2006లో ఒక ఒప్పందం చేసింది, చాలా దేశాలు అందులో చేరాయి. దాని 26వ అధికరణంలో పునరావాసం (మళ్లీ సొంతంగా బతకగలిగేలా చేసే సాయం) గురించి, ఇలాంటి స్థితిలోనే ఉన్న తోటివాళ్ల సాయం గురించి కూడా ఉంది. కాబట్టి మీరున్న చోట ఏదో ఒక చట్టం, ఏదో ఒక కార్యాలయం ఉంటాయి. సోషల్ వర్కర్‌ని వైకల్య ధ్రువపత్రం, పింఛను, పరికరాలకి సాయం, ఇంటి మార్పులకి సాయం అని విడివిడిగా అడగండి. "ఏమైనా సాయం ఉందా" అంటే లేదనే జవాబు వస్తుంది. బీమా ఉంటే గడువు తేదీలు ఇవాళే చూడండి. అన్నయ్యకి ఉద్యోగం ఉంటే తొందరపడి రాజీనామా రాయనివ్వకండి, సెలవు పెట్టించండి. సంతకాలు ఆయన చేతే పెట్టించండి, చేతులు పనిచేస్తున్నాయిగా.

కుర్చీ మాత్రం హడావిడిగా కొనొద్దు. డిశ్చార్జ్ రోజు టెన్షన్లో మేం కొన్న పెద్ద కుర్చీ బాత్రూం తలుపులో పట్టలేదు. వెడల్పు ఎక్కువై వాడు ఒక పక్కకి ఒరిగిపోయేవాడు. అద్దెకో అరువుకో ఒకటి తెచ్చుకుని, కొలతలు తీయించాక సొంతది చేయించుకోండి. ముందు కుషన్ కొనండి, కుర్చీ తర్వాత.

మీ గురించి కూడా ఒక మాట. ఎనిమిదో నెలలో నేను వాడి మీద అరిచాను, రాత్రి మూడింటికి పక్క మార్చడానికి లేచి. వాడేం అనలేదు. మర్నాడు ఫోన్లో అలారం పెట్టుకుని, మంచం పక్క కడ్డీ పట్టుకుని తనే తిరగడం ప్రాక్టీసు మొదలుపెట్టాడు. రెండు వారాల్లో రాత్రి పని నాకు తప్పింది. సిగ్గేసింది, కానీ ఎనిమిది నెలలు వాడు చేయగలిగిన పనిని నేనే చేస్తూ వచ్చానని అప్పుడే అర్థమైంది. మీరు ముందు నుంచే వంతులు వేసుకోండి, అన్నయ్య వంతు కూడా అందులో రాయండి. ఆయన బతకాలని లేదని అంటే "అలా అనకు" అని నోరు మూయించొద్దు. ఎంతగా అనిపిస్తోంది, ఏమైనా చేసుకోవాలని ఆలోచించావా అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఆయన చెప్పింది అదే రోజు డాక్టర్‌కి చెప్పండి.

పూస, గ్రేడు తెలిశాక ఇక్కడే రాయండి, తెలిసినంత చెబుతాను. ఇది పోస్టు చేసే ముందు తమ్ముడికి చదివి వినిపించాను. "కుషన్ కొనమని రాసి వదిలేస్తే ఎలా అక్కా, గాలి కుషన్ అయితే రోజూ కింద చెయ్యి పెట్టి చూడాలని రాయి. గాలి తక్కువైతే ఎముక కిందికి తగులుతుంది, ఎక్కువైతే రాయి మీద కూర్చున్నట్టే. రెండిటికీ పుండు పడుతుంది" అన్నాడు. రాశాను.