నైటీలో వచ్చి అందర్నీ కడిగేసిన బామ్మ

ప్రశ్న: అక్కా, మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మొన్న బీచ్ రోడ్డులో ఒక కెఫేలో ఓపెన్ మైక్ పెడితే వెళ్లి ఐదు నిమిషాలు జోకులు చెప్పాను. జనం బాగానే నవ్వారు, కానీ మా పెదనాన్న వీడియో చూసి "ఆడపిల్లకి ఈ వెకిలి వేషాలేంటి" అన్నారు. ఒక అమెరికన్ సిరీస్‌లో మామ్స్ మేబ్లీ అని నల్లజాతి బామ్మ ఒకావిడ స్టేజీ మీద జోకులేస్తుంది, ఆవిడ నిజంగా ఉందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉంది చెల్లీ. అసలు పేరు లొరెట్టా మేరీ ఐకెన్, 1890ల్లో నార్త్ కరోలినాలోని బ్రెవార్డ్‌లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు, ఒంటి మీద అఘాయిత్యాలు జరిగాయి, టీనేజీలోనే ఇల్లొదిలి నల్లవాళ్ల నాటక బృందాలతో ఊళ్లు పట్టుకు తిరిగింది. 'మేబ్లీ' పాత ప్రియుడి పేరు. నా దగ్గర అన్నీ పట్టుకుపోయాడు, కనీసం వాడి పేరైనా నేను తీసుకోవద్దా అనేదట!

ఆ వేషం చూశావుగా, వదులు గౌను, వాలిపోయిన టోపీ, జారిపోయే సాక్సు, బోసినోరు. మన రైతుబజార్‌కి నైటీ మీద తువ్వాలేసుకుని వచ్చే మామ్మగారే అనుకో. కానీ అసలు వయసు మీద పడకముందే ఆ ముసలి వేషం కట్టింది, స్టేజీ దిగితే ఖరీదైన బట్టల్లో దర్జాగా ఉండేది. ఎందుకంటావా? మన పెళ్లిళ్లలో శోభనం గది సర్దేటప్పుడు అమ్మమ్మ వేసే జోకు నువ్వేస్తే ఊరుకుంటారా? ముసలాడు నాకు చేయగలిగిన సాయం కుర్రాడి దగ్గర్నుంచి కబురు మోసుకురావడమే అని మేబ్లీ అంటే హాలు హాలంతా పడీపడీ నవ్వేది, తెల్లవాళ్ల జాతి అహంకారాన్నీ ఆ బోసినోటితోనే దులిపేసేది. మన సూర్యకాంతమ్మ ఇరవైల్లోనే గయ్యాళి అత్త అయిపోలేదూ! నవ్వించడానికి ఆడది ముందు ముసలిదవ్వాల్సి రావడం మాత్రం నాకు ఒళ్లు మంట.

1939లో నల్లవాళ్ల కళాకారులకి పేరుపడ్డ న్యూయార్క్ అపోలో థియేటర్‌లో ప్రోగ్రాం ఇచ్చిన తొలి మహిళా కమెడియన్ ఆవిడే. 1962లో న్యూయార్క్‌లోనే పేరుమోసిన కార్నెగీ హాల్ స్టేజీ కూడా ఎక్కింది. తెల్లవాళ్ల టీవీ షోలు పిలిచేసరికి అరవై దాటేసింది, అంటే వేషం అవసరమే లేని వయసు. 1969లో లింకన్, కెన్నెడీ, మార్టిన్ లూథర్ కింగ్‌ల మీద పాట పాడితే డెబ్బై దాటిన ఆవిడ అమెరికా హిట్ పాటల టాప్ 40 జాబితాలోకి ఎక్కేసింది. 1975లో పోయింది. 2013లో హాలీవుడ్ నటి, కమెడియన్ హూపీ గోల్డ్‌బర్గ్ ఆవిడ మీద డాక్యుమెంటరీ తీసింది, వీలైతే చూడు.

పెదనాన్నగారి డైలాగ్ అంటావా, వచ్చే ఓపెన్ మైక్‌లో ఆయన గొంతుతోనే మొదలుపెట్టు. వీడియో మాత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు.